రేకుల షెల్టర్

ఆర్మూరు పసుపు యార్డు గేటు ముందు గల్ఫ్ ఏజెంటు బాబురావు కట్టించిన బస్ షెల్టర్‌కు ఆ రోజు ప్రారంభం. యార్డులో పసుపు చెరుగుతున్న శాంతవ్వ చెవి అటే ఉంది. ముఖాన పసుపు కుంకుమ పోయినా చేతులకు మాత్రం పొద్దంతా పసుపే. మొగుడు ముత్తెన్న తొంభై ఒకటి గల్ఫ్ లడాయిలో పోయాడు. బాబురావు మీద ఆమె కడుపుమంట ఇన్నేళ్లలో చల్లారలేదు. చల్లారనివ్వలేదు కూడా.

ముత్తెన్నను సౌదీ పంపింది బాబురావే. అమెరికా సైన్యం ఠాణాలో గిన్నెలు కడిగే పని. కూలీలకు ఇంగ్లిషు రాదు కాబట్టి అక్కడి జాగ్రత్తలన్నీ తెలుగులో చెప్పే బాధ్యతా బాబురావుదే. ఆ మహానుభావుడు విమానం ఎక్కించే ముందు అందరినీ నిలబెట్టి, "సైరన్ మోగితే షెల్టర్‌కు ఉరుకుండ్రి" అని ఒక్క ముక్క చెప్పి చాయ్ తాగడానికి పోయాడు. లడాయి మొదలైంది, సైరన్ మోగింది. సిపాయిలు నేల కింద కట్టుకున్న కాంక్రీటు గదిలోకి దిగారు. ముత్తెన్న జన్మలో ఎరిగిన షెల్టర్ ఒక్కటే, బస్సు కోసం నిలబడేది. కూలీల బస్సు ఆగే రేకుల కిందికి పరుగెత్తాడు. అమెరికావాళ్ల కోసం వచ్చిన రాకెట్టు ఆ రేకుల మీదే పడింది. తోటి కూలీ గంగాధర్ తిరిగొచ్చి ఈ సంగతంతా చెప్పాడు.

లడాయి అయిపోయినా ఠాణాలు లేచిపోలేదు. బాబురావు వాటికే మళ్లీ కూలీలను పోగుచేస్తున్నాడు. కొత్త షెల్టర్ కింద వాళ్లనే నిలబెట్టి మాట్లాడుతున్నాడు.

"అమెరికోల్ల ఠాణాలు లేకుంటే గా చిన్న దేశాలను ఎవడన్న మింగేస్తడు. దునియల గంత పదిలమైన జాగ ఇంకోటి లేదు."

శాంతవ్వ చేట కింద పెట్టి వచ్చింది. జనం దారిచ్చారు.

"సేటూ, గంత పదిలమైన జాగల వాళ్లు నేల కింద అర్ర ఎందుకు కట్టుకున్నరు?"

బాబురావు నవ్వాడు. "దుష్మన్లు ఉంటరు గద శాంతవ్వా."

"ఎవల దుష్మన్లు? మా ముత్తెన్నకు గా దేశంల ఎవలతోని పంచాది ఉండె? మందిండ్ల ముంగట తుపాకులు పట్టుకొని కూసున్నది వాళ్లు. దెబ్బ తాకింది గిన్నెలు కడిగెటోనికి."

శాంతవ్వ కూలీల వైపు తిరిగింది.

"సైరన్ మోగింది. షెల్టర్‌కు ఉరుకుమన్నరు. యాడికి ఉరుకుతరు?"

సిరికొండ చిన్నయ్య క్షణం కూడా ఆలోచించకుండా పక్కనున్న ఇనుప స్తంభం తట్టాడు. "ఇంకేడికి? గీడికే గదక్కా."

ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు శాంతవ్వ ముఖం వెలిగింది. ఆమె బాబురావు వైపు తిరిగింది.

"గప్పుడు చెప్పలేదు. గిప్పుడు చెప్పు సేటూ, షెల్టర్ అంటే ఏంది?"

బాబురావు తప్పించుకుందామని చూశాడు. చుట్టూ జనం. హమాలీలు కూడా సంచులు దించి చూస్తున్నారు.

"నేల కింద ఉంటది... అర్ర," అని గొణిగాడు.

"గట్టిగ. ముత్తెన్నకు వినవడాలె."

బాబురావు గట్టిగానే చెప్పాడు. చిన్నయ్య స్తంభం మీది చెయ్యి తీసేసి రోడ్డు మీదికి నడిచాడు. వెనకే మిగతావాళ్లూ కదిలారు. రేకుల మీద రాసిన తన పేరు కింద బాబురావు ఒక్కడే మిగిలాడు.

శాంతవ్వ మాత్రం కదల్లేదు.

"ఇంకోసారి చెప్పు," అంది.