ఏడు నీలం కుట్లు

పెళ్లి పదింటికి. తొమ్మిదింటికి పెళ్లికూతురు తెల్ల గౌను అంచు తిరగేసి చూసి, మంచం మీద కూలబడింది.

నీలం కుట్లు లేవు.

ఆ గౌను మొదట అమ్మమ్మది. తర్వాత అమ్మ, పిన్ని అదే తొడుక్కుని పెళ్లాడారు. అంచు లోపల వంకరటింకరగా ఏడు నీలం కుట్లుండేవి. ఏడు తరాల చల్లదనానికని అమ్మ చెప్పేది, దిష్టి తగలకుండా అని పిన్ని వాదించేది. అవి లేని గౌనుతో గుమ్మం దాటనని పెళ్లికూతురు తేల్చేసింది.

నడుము వదులు చేసిచ్చిన దర్జీ మాస్టారిని పిలిపించారు. ఆయన సూదుల డబ్బాతో పరుగున వచ్చి, తప్పు వెంటనే ఒప్పుకున్నాడు. అంత మంచి గౌనులో ఆ వంకర కుట్లు చూసి ప్రాణం ఒప్పక విప్పేశాడట. మళ్లీ వేస్తానంటే పెళ్లికూతురు తల అడ్డంగా ఊపింది.

"ముగ్గురికి కలిసొచ్చినవి నా దగ్గరికొచ్చేసరికే పోవాలా?"

మూల కుర్చీలో అమ్మమ్మ కిసుక్కుమంది.

"అది అదృష్టం కాదే పిచ్చిదానా. నా తొందర."

తన పెళ్లి పొద్దున అంచు ఊడిందట. సూదిలో ఉన్నది నీలం దారమే. గౌను ఒళ్లో పెట్టుకుని గబగబా కుట్టింది, తను వేసుకున్న పాత లంగాతో కలిపి. దాన్ని ఈడ్చుకుంటూ కత్తెర కోసం గుమ్మంలోకి వస్తే ఎదురుగా పెళ్లికొడుకు.

"అప్పటిదాకా మీ తాతయ్యంటే నాకు హడలు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. భయం అక్కడే పోయింది. కత్తిరించాక మిగిలినవి ఏడు. మీ అమ్మ అడిగితే సిగ్గేసి, అదృష్టమన్నాను."

అమ్మా, పిన్నీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెళ్లికూతురు కళ్లు తుడుచుకుంది.

"అయితే కుట్టండి మాస్టారూ. వంకరగానే."

ముప్పై ఏళ్లుగా తిన్నగా నడిచిన చెయ్యి వంకర పోనంది. మాస్టారు చెమటలు కక్కాడు, రెండుసార్లు విప్పాడు. చివరికి ఏడో కుట్టు ముడేసి, గర్వంగా లేచాడు.

గౌనూ ఆయనతో పాటే లేచింది. చొక్కా అంచు పట్టుకుని వేలాడుతోంది.

"ఇప్పుడు సరిగ్గా కుట్టావు నాయనా," అంది అమ్మమ్మ.

పెళ్లికూతురు నవ్వుతూనే కత్తెర అందుకుంది. పదికి అయిదు నిమిషాలుందనగా, ఇంకా నవ్వుతూనే గుమ్మం దాటింది. చొక్కాకు మిగిలిన నీలం పోగుల్ని మాస్టారు పీకలేదు. ఇంటికెళ్లి వాళ్లావిడకు చూపించాలన్నాడు.