బాపుకు చదివి వినిపించిన కాగితం

మహారాష్ట్రలో జివతి దగ్గర మా ఊళ్లో తెలుగు పెద్దవాళ్లకు మరాఠీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మా బాపు దేవన్న అయితే తెలుగులో చదివి చెప్పందే ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. నాకు పదేళ్లు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఆ పని నాదే.

చంద్రపూర్ కాలేజీలో పదకొండో తరగతి ఫారం కూడా నేనే చదివాను. అందులో గణితమో జీవశాస్త్రమో ఒకటి ఎంచుకోవాలి. బాపు ఆశపడ్డ డాక్టరు చదువుకు జీవశాస్త్రం తప్పనిసరి. నాది జిల్లా పరిషత్ మరాఠీ బడి అని తెలిసి, లైన్లో నా వెనకున్న అమ్మాయి మరాఠీలో అడిగింది, బయాలజీ అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది, నీకు అర్థమవుతుందా అని. పక్కవాళ్లు నవ్వారు. నేను గణితం ముందు టిక్కు పెట్టాను. మెట్ల మీద కూర్చున్న బాపుకు మాత్రం జీవశాస్త్రం అని చదివాను. ఆయన మురిసిపోతూ సంతకం పెట్టాడు. ఆ రోజు డైరీలో తారీకు తప్ప ఏమీ రాయలేకపోయాను.

హాస్టల్ నుంచి ఇంటికి వచ్చిన ప్రతిసారీ పక్కింటి గంగవ్వ పట్టుకునేది.

"ఓ డాక్టరమ్మా, నా మోకాలు జర సూడరాదే! ఇప్పటిసంది ఫీజు అడుగుతవా ఏంది?"

బాపు పకపకా నవ్వేవాడు. నేను తల వంచుకుని లోపలికి పోయేదాన్ని.

మొన్న కాలేజీలో నోటీసు పెట్టారు. సబ్జెక్టు మార్చుకోవడానికి సోమవారమే ఆఖరు. తండ్రి సంతకం కావాలి. అర్జీ రాసుకుని ఊరికి వచ్చాను.

"ఏం కాయితం బిడ్డా?"

"కాలేజీది బాపూ. సంతకం గావాలె."

"సదువు మరి."

హాస్టల్ కాగితమని చెప్పేస్తే ఆయన నమ్మేవాడు. ఆ నమ్మకాన్ని చూస్తూ మళ్లీ అబద్ధం చదవలేకపోయాను. "నేను గణితం తీసుకున్న. అది తీసేసి జీవశాస్త్రం ఇయ్యుండ్రి అని రాసిన."

"గణితమా? గప్పుడు జీవశాస్త్రమని సదివితివి గద?"

"తప్పు సదివిన బాపూ. తెలిసే సదివిన."

"ఎందుకే?"

"అందరు నవ్విండ్రు."

"నవ్వినోళ్లు నవ్వనీ. నాకు జెప్పొద్దా?" అన్నాడు. తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టి, కాగితం నా చేతికిచ్చాడు.

హమ్మయ్య అనుకునేలోపే లేచి రేకుపెట్టె తెరిచాడు. ఇన్నేళ్లుగా నేను చదివి వినిపించిన పొలం కాగితాలు బయటికి తీసి తువ్వాలలో మూట కట్టాడు.

"గవన్నీ సరిగ్గనే సదివిన బాపూ," అన్నాను.

"సదివే ఉంటవ్ బిడ్డా."

అలా అంటూనే మూట చంకలో పెట్టుకుని, మరాఠీ చదవగల బడి సారు వినాయక్ ఇంటివైపు నడిచాడు. నేను అర్జీ పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయాను.