జెల్‌కు రెండు వైపులు

సెలైన్ సూది గుచ్చినచోట చెయ్యి వాయకుండా కాపాడుతుందన్న కొత్త జెల్‌ను నర్సు మెర్సీ నాలుగు నెలలు పరీక్షించింది. కువైట్ సిటీలో తను పనిచేసే ఆసుపత్రిలో జెల్ రాసిన నూట ఇరవై మందిలో పద్నాలుగు మందికి వాచింది. రాయని నూట ఇరవై మందిలో ఇరవై నాలుగు మందికి. తేడా బాగానే ఉంది. కానీ జెల్‌కు ఏ గుణమూ లేకపోయినా, ఇటో అటో కనీసం ఇంత తేడా ఊరికే పడే అవకాశం నూటికి ఎనిమిది అని కంప్యూటర్ చెప్పింది. ఐదు లోపు వస్తేనే ఫలితం నిలుస్తుంది. నిలిస్తేనే మెర్సీకి రీసెర్చ్ నర్సు పోస్టు.

సీనియర్ సిస్టర్ ఎలీసమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఇద్దరిదీ రాజోలు పక్కే.

“ఒక్క వైపే చూడమని నొక్కవే. వాపు తగ్గిందా లేదా, అంతే. ఎనిమిది కాస్తా నాలుగైపోద్ది.”

“అవుద్దక్కా.”

“మరింకేం? వేలు నొప్పెడతందా?”

మెర్సీ నవ్వలేదు. “జెల్ వల్ల వాపు పెరిగినా పెరగొచ్చని మొదట్లోనే రాసుకున్నాం. ఏడో బెడ్ మామ్మగారికి చెయ్యి కందిపోతే, ఆపేద్దామా ఏంటే అని నువ్వే కదా అన్నావు?”

“అన్నాను. ఇప్పుడు తెలిసిపోయిందిగా, తగ్గిస్తోందని!”

“తెలిశాక వైపు ఎంచుకుంటే ఎలాగక్కా? వాపు పెరిగుంటే అప్పుడు అటే చూసి జెల్ చెడ్డదనేవాళ్ళం. ఇటు నాలుగు, అటు నాలుగు. మొత్తం ఎనిమిదేగా.”

“నీ చాదస్తం తగలెయ్య! ఆ పోస్టు పై వార్డు పిల్ల ఎగరేసుకుపోద్ది, చూస్కో.”

“పోనీ.” మెర్సీ ఎనిమిది అనే టైపు చేసి పంపేసింది.

గురువారం మీటింగులో రీసెర్చ్ విభాగం పెద్ద డాక్టర్ నౌమాన్ కాగితం రెండుసార్లు చదివారు. పోస్టు ఈసారి వేరొకరికి వెళ్తుందని చెప్పారు. అయినా మెర్సీ లేచి వెళ్ళిపోలేదు. పాత లెక్క కలపకుండా, ఆరు వందల మందితో కొత్తగా పరీక్ష పెట్టనివ్వమని అడిగింది.

“మళ్ళీ రెండు వైపులా చూస్తావా?”

“చూస్తాను డాక్టర్. మేలు చేసినా, కీడు చేసినా తెలియాలి.”

ఆయన సంతకం పెట్టారు.

వార్డులో ఎలీసమ్మ ఇంకా మూతి ముడుచుకునే ఉంది. అయినా ట్రే అందుకుంది.

“యల్లా, పద పద, ఎవరితో మొదలెడతావ్?”

“మూడో బెడ్‌తో అక్కా,” అంది మెర్సీ, చేతులు కడుక్కుంటూ.