మేకుకు వేలాడిన మూడు రోజులు

నేను ఒక గాలి పంపును. అర కిలో బరువు. నన్ను బెల్టుతో మనిషి నడుముకు కడతారు. నా నుంచి ఒక గొట్టం భుజం దాకా వెళ్తుంది. దాని కొసన రూపాయి బిళ్లంత వడపోత కాగితం ఉంటుంది. మనిషి పీల్చే గాలినే పక్కనుండి నేనూ పీలుస్తాను. సాయంత్రం కాగితాన్ని తూచి, పొద్దుటి బరువు తీసేస్తే మిగిలేది దుమ్ము.

పుణెలో నన్ను బిగించి ఒక శిక్షణ కేంద్రానికి పంపారు. పర్యావరణం మనుషుల ఆరోగ్యాన్ని ఏం చేస్తుందో పరిశోధించే శాస్త్రవేత్తలకు అక్కడ లెక్కలు నేర్పుతారు. అందరూ పీహెచ్‌డీలు చేసినవాళ్లే. హోంవర్కు మాత్రం ఒకరిది చూసి ఒకరు రాసేవారు.

ఆఖరి వారం నేను వాళ్లలో ఒకరైన నజీమా చేతికి వచ్చాను. ఆమెకు ఇచ్చింది మార్కాపురం వైపు పలకలు కోసే షెడ్డు. రంపాలకు నీటి గొట్టాలు బిగిస్తే అక్కడ దుమ్ము అణుగుతుంది. దుమ్ము హద్దు దాటిందని నివేదిక వస్తేనే బిగిస్తామన్నారు అధికారులు. నివేదికకు గడువు శనివారం.

నజీమా నన్ను దానమ్మకు కట్టింది. దానమ్మ పదకొండేళ్లుగా ఆ రంపం దగ్గర పని చేస్తోంది. పొద్దున కట్టి వెళ్లడం, సాయంత్రం వచ్చి విప్పుకోవడం. మూడు రోజులు అలాగే గడిచాయి.

గురువారం నజీమా తన అంకె బోర్డు మీద రాసింది. హద్దులో పదో వంతు.

"మీ షెడ్డుకి ఏసీ పెట్టించారా మేడం?" అన్నాడు వెనక కూర్చున్న ఫణీంద్ర. క్లాసంతా నవ్వింది. పాఠం చెప్పే పానకాలరావు గారు నవ్వలేదు.

"నాలుగు దశాంశాల దాకా వేశావు. పంపు కట్టుకున్నావిడ దగ్గుతోందామ్మా?"

"దగ్గుతోంది సార్. మాటమాటకీ."

"ఆ దగ్గు నీ లెక్కలో ఎక్కడుంది?"

నజీమా నన్ను సంచిలో వేసుకుని బస్సెక్కింది.

"అక్కా, మిషను నడుముకే ఉంచావా?" అని షెడ్డులో దానమ్మను అడిగింది.

"దుమ్ములో పాడైపోదూ!" అంది దానమ్మ. "నువ్వట్టా పోంగానే ఇప్పి, తువ్వాలు చుట్టి, ఓనరు గదిలో మేకుకి తగిలించా. నువ్వొచ్చే యేళకి మళ్లీ కట్టుకున్నా. అది చెడిపోతే నీ ఉజ్జోగం పోదా పిల్లా?"

"నువ్వు పీల్చేదే అదీ పీల్చాలక్కా. అందుకే కట్టింది."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ? ఫొటోలు తీసేదేమో అనుకున్నా!" నవ్వబోయి దగ్గింది.

శుక్రవారం ఎనిమిది గంటలు దానమ్మ నన్ను విప్పలేదు. నజీమా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కదల్లేదు. దానమ్మ దగ్గినప్పుడల్లా నా క్లిప్పు ఆమె పక్కటెముకలకు తగిలింది. కాగితం తూచారు. హద్దుకు ఆరు రెట్లు. ముందు మూడు రోజుల అంకెను నజీమా కొట్టేయలేదు. అది ఎవరి గది గాలో పక్కనే రాసింది.

ఇప్పుడు నా మోటారు తిరగదు. కేంద్రంలో కొత్త పంపులు వచ్చాయి. నజీమా అక్కడే పాఠం చెబుతోంది. కొత్త బ్యాచి వచ్చిన మొదటి రోజు బీరువా తీసి, నన్ను దానమ్మ ఇచ్చేసిన ఆ తువ్వాలుతోనే బల్ల మీద పెడుతుంది. శాస్త్రవేత్తలు నోటుపుస్తకాలు తెరుస్తారు.

షెడ్డుకు నీటి గొట్టాలు వచ్చాయని విన్నాను. వాటి దగ్గర దానమ్మ ఉందో లేదో ఎవరూ అనలేదు. బీరువా తెరిచిన ప్రతిసారీ ఆ మాట కోసం చూస్తాను.

ఆ మూడు రోజులూ నేను పీల్చిన గాలి బాగుండేది. దానమ్మ నన్ను మేకుకు తగిలించి, దుమ్ము రాకుండా తలుపు వేసి, రంపం దగ్గరకు వెళ్లేది.