రెండో నంబరు

మగ్దలేనమ్మ సంచి సర్దుతోంది. రెండు చీరలు, బీపీ గోలీలు, కళ్ళద్దాలు, ఇంటి పన్ను రసీదులు, అన్నిటికంటే పైన బ్యాంకువాళ్ళు గోడకంటించిపోయిన నోటీసు. దాన్ని ఆమె తడిబట్టతో నానబెట్టి చిరగకుండా ఊడదీసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఎన్నిసార్లు చదివినా అందులో తేదీ మారలేదు. 2023 ఫిబ్రవరి 22, బుధవారం, పగలు పదకొండు గంటలు. అంటే రేపే.

భర్త సమ్మయ్య వరికోత మిషన్ కొనడానికి చొప్పదండిలోని ఈ ఇంటిని బ్యాంకులో పెట్టాడు. మిషన్ రెండు పంటలు కోసింది. మూడో పంటకు సమ్మయ్య లేడు. కిస్తీలు ఆగిపోయాయి. బ్యాంకు ఇల్లు వేలానికి పెట్టింది. వేలమంటే వాకిట్లో నిలబడి పాడేది కాదు, అంతా ఆన్‌లైన్‌లోనే. ఎవరు ఎక్కడ కూర్చునైనా పాడుకోవచ్చు. ఎవరి పేరూ ఎవరికీ కనపడదు.

కరీంనగర్ ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు గ్రేస్ ఆ పాట తానే పాడతానంది. సొసైటీ అప్పు, నగలు, చిట్టీ అన్నీ కలిపి పద్దెనిమిది లక్షలు పోగేసింది. బ్యాంకు పెట్టిన సర్కారీ పాట పద్నాలుగు లక్షల నుంచి మొదలు.

సంచి జిప్పు వేస్తుంటే ఫోన్ మోగింది. కాగజ్‌నగర్ నుంచి తమ్ముడు సాల్మన్.

"అక్కా, ఏం చేస్తున్నవ్?"

"గ్రేసు దగ్గరికి పోతున్నరా. జర నడుము నొస్తుంది, సూపెట్టుకుంట."

"పోయి రా. ఇంటి గురించి ఫికర్ చెయ్యకు. దేవుడు దారి సూపెడ్తడు."

"ఆ సూపెట్టేదేదో బ్యాంకు మేనేజర్‌కు సూపెడ్తే అయిపోవు గదరా."

సాల్మన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నడుము నొప్పి అబద్ధం. తమ్ముడు పేపర్ మిల్లులో రిటైరై ఏడాది కాలేదు. ఇల్లు పాడుతున్నామని తెలిస్తే ముసలితనానికి దాచుకున్న పీఎఫ్ తెచ్చి ముందర పెడతాడు. మిల్లు మూతపడ్డ నాలుగేళ్ళూ వాళ్ళింటికి బియ్యం పంపింది ఈమే. ఆ బియ్యానికి బదులు పుచ్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

ఆ బియ్యం కూడా ఆమె తన పేరు చెప్పి పంపలేదు. వాళ్ళ చర్చి సంఘంలో అదొక పద్ధతి. ఎవరింట్లో కష్టమొస్తే వాళ్ళ గడప దగ్గర తెల్లారేసరికి ఒక కవరో ఒక మూటో ఉంటుంది. మీద పేరుండదు. పుచ్చుకున్నవాళ్ళు ఎవరిదని అడగరు, ఇచ్చినవాళ్ళు నాదని చెప్పరు. చెబితే ఇచ్చినట్టు కాదని వాళ్ళ నమ్మకం. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ నమ్మకంలోనే పెరిగారు.

మర్నాడు తల్లీకూతుళ్ళు కరీంనగర్ బస్టాండు దగ్గర నాగరాజు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నారు. ఇలాంటి పాటలు పాడించడం నాగరాజుకు అలవాటే.

"ఇద్దరే ఉన్నరు మేడం, మీరు ఒకటో నంబర్" అన్నాడు. "ఆ రెండో నంబరోడు పాడకపోతే పద్నాలుగుకే మీది. పాడితే ఇరవై వేలకు తక్కువ పెంచొద్దు. ఎవరు పెంచినా ఇంకో అయిదు నిమిషాలు టైం ఇస్తది. గెలిచినోళ్ళు నాలుగో వంతు తెల్లారేసరికి కట్టాలె, మిగిలింది పదిహేను దినాలల్ల."

గ్రేస్ పద్నాలుగు కొట్టింది. గడియారం తిరుగుతోంది. నాలుగు నిమిషాలు గడిచాయి. ఇల్లు దక్కినట్టేనని మగ్దలేనమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం మొదలుపెట్టింది. తెరిచేసరికి తెర మీద పద్నాలుగు లక్షల ఇరవై వేలు.

అక్కడి నుంచి అదే వరస. గ్రేస్ వెంటనే పెంచేది. అవతలివాడు ఆఖరు అరనిమిషం దాకా ఆగి పెంచేవాడు. పదిహేను దాటింది. పదహారు దాటింది.

"గీడెవడో ప్లాట్ల బ్రోకరే మేడం" అన్నాడు నాగరాజు. "జాగ రోడ్డు మీద ఉన్నది గద, ఇడువడు."

"వాని చేతులు పడిపోను" అంది మగ్దలేనమ్మ. "ముండమోసినదాని ఇంటి మీద పడ్డడు. వానికి అక్కాచెల్లెండ్లు లేరా?"

గ్రేస్ పద్దెనిమిది కొట్టి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. ముగ్గురూ గడియారం వైపు చూస్తున్నారు. ఇరవై సెకన్లుందనగా పద్దెనిమిది లక్షల ఇరవై వేలు పడింది.

"ఇంకొక్కసారి బిడ్డా."

"యాడికెళ్ళి తేవాలె అవ్వా? మిగిలింది కట్టకపోతే ముందుగల్ల కట్టిన నాలుగో వంతు గూడ మునుగుతది."

"నా బొంద అమ్ము. ఒక్కటే ఒక్కసారి."

గ్రేస్ కదలలేదు. గడియారం సున్నాకు వచ్చింది. నాగరాజు ఫ్యాను తగ్గించి, టీ చెప్పమంటారా అని అడిగాడు.

బ్యాంకు ఎప్పుడు ఖాళీ చేయమంటుందోనని మగ్దలేనమ్మ చొప్పదండిలో రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. తిండి సహించలేదు. గేటు చప్పుడైతే బ్యాంకువాళ్ళేనని లేచి నిలబడేది. మార్చి 12, ఆదివారం, చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి అరుగు మీద సాల్మన్ కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, అంగీ మాసింది. లోపలికి రమ్మంటే రాలేదు. గ్రేస్ కూడా ఆ వేళ సెలవు పెట్టి వచ్చింది.

"అక్కా, ఇల్లు పాడింది నేనే" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"నీ పేరు మీద చేసి, కాయితాలు కవర్ల పెట్టి, ఎవలకు తెల్వకుంట గడపల పెడ్దామనుకున్న. వేరేటోడు ఎవడో అడ్డం పడ్డడు. వాడు పెంచిన కొద్ది నాకు కండ్లు కనపడలే. వాడు గెలిస్తే నిన్ను రోడ్డు మీద పడేస్తడని పెంచుకుంట పోయిన. నా పీఎఫ్‌ల నాలుగున్నర లక్షలు నాలుగో వంతు కింద కట్టిన. మిగిలింది సరిపోలే. తక్కువ పడ్డది నా చేను రాయించుకొని ఇస్తనన్నడు సిర్పూర్‌ల వడ్డీలకిచ్చే అంబదాస్. పదిహేను దినాలు తిప్పుకొని పైసలు లేవన్నడు. మొన్న శుక్కురారం గడువు అయిపోయింది. కట్టిందంత బ్యాంకుదే అయింది."

గ్రేస్ గోడకు ఆనుకుంది. "మామా, వేరేటోడు కాదు. అది నేను."

సాల్మన్ ఆమె మొహంలోకి చూశాడు.

"ఒక్క ఫోన్ చేసేదుండె మామా. నా పైసలు నా ఖాతలనే ఉన్నయ్. శుక్కురారం గూడ ఉన్నయ్."

"నీకు ఇచ్చేదానికి నిన్నే ఎట్ల అడగాలె అనుకున్న" అన్నాడు సాల్మన్, అక్కతో. "మరి నువ్వు గూడ చెప్పలేదు గదనే. నడుము నొస్తుందంటివి."

మగ్దలేనమ్మ తమ్ముడి చేతులు చూసింది. మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకున్నాడు. ఆ చేతులే పడిపోవాలని నాగరాజు దగ్గర తాను తిట్టిన మాట ఆమె నోటి దాకా వచ్చింది. బయటికి రానివ్వలేదు.

"అన్నం తిని పో" అంది.

"మల్ల వచ్చి తింట అక్కా. పెద్దపల్లిల రైలు అందాలె."

ఆమె గేటు దాకా వెంట వెళ్ళింది. ఏమీ కాదురా, ఏదో ఒకటి చేద్దాం అని చెప్పాలనుకుంది. చెప్పేలోపే బస్సు వచ్చింది.

సోమవారం గ్రేస్ డబ్బుతో బ్యాంకుకు పోయింది. గడువు పెంచమని గడువులోపలే రాసివ్వాలన్నారు. మూడో రోజు సాల్మన్ భార్య మహిమ ఫోన్ చేసి, ఆయన ఇంకా మీ దగ్గరే ఉన్నాడా వదినా అని అడిగింది. పెద్దపల్లి స్టేషన్లో, కాగజ్‌నగర్‌లో, బల్లార్షా దాకా వెతికారు. పోలీసులకు ఫోటో ఇచ్చారు. జూలైలో బ్యాంకు ఇల్లు మళ్ళీ వేలం పెట్టింది. ఒకసారి పద్దెనిమిది లక్షల ఇరవై వేలు పలికిన ఇల్లని ఈసారి పాట అక్కడి నుంచే మొదలైంది. గ్రేస్‌కు నోరెత్తే వీలు లేకపోయింది. ప్లాట్ల వ్యాపారి ఒకాయన ఇరవై మూడు లక్షలకు పాడి, నెలలోపే పడగొట్టించాడు. మగ్దలేనమ్మ కూతురి గదికి మారింది.

సాల్మన్ 2023 మార్చి 12, ఆదివారం మధ్యాహ్నం చొప్పదండిలో బస్సెక్కాడు. తిరిగి రాలేదు.