చేతులెత్తిన శుక్రవారం

కుర్చీలు వేయడంలో భీమన్నకో పద్ధతి ఉంది. వెనక వరుసతో మొదలుపెట్టి ముందుకొస్తాడు. గల్ఫ్‌లో, తుబ్లీలోని ఆ అద్దె హాలుకు కాపలా, ఊడ్పు, చాయ్ అన్నీ అతనే. అరిగిన మోకాళ్లు, సిమెంటు తిన్న వేళ్లు, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు పైకి లేచి ఉండే కనుబొమ్మలు. వీసా ఖలాస్, అయిపోయింది. ఈ రాత్రి విమానానికి జగిత్యాల వెళ్లిపోతున్నాడు. అయినా ఆరాధన జరిగే శుక్రవారం శుక్రవారమే.

వెళ్లేలోపు ఒక సందేహం తీర్చుకోవాలి. పాస్టర్ జాన్ పాల్ రాగానే పట్టుకున్నాడు.

“సార్, మీరంత గిట్ల కూడుడును సంఘమంటరు గద, ఇదెవలు మొదలువెట్టిన్రు?”

పాస్టరుకు ఇలాంటి ప్రశ్నలంటే ప్రాణం. “పూర్వం గ్రీకు పట్నాల్లో చాటింపు వేసేవారు భీమన్నా. మగ పౌరులు ఇళ్లలోంచి వచ్చి, ఒకచోట కూడి, చేతులెత్తి ఊరి సంగతి తేల్చేవారు. ఆడవాళ్లకీ, బానిసలకీ, పరాయి ఊరివాళ్లకీ చోటు లేదు. తర్వాత మన విశ్వాసులు ఆ సభ పేరే తమ కూడికకి పెట్టుకుని, వాళ్లందర్నీ లోపలికి పిలిచారు.”

“మరి కుర్చీలేసెటోన్ని?”

పాస్టరు నవ్వేశాడు.

ఆరాధన అయ్యాక జీవమ్మ లేచి నిలబడింది. సల్మానియాలో ఆమె పనిచేసే చిన్న కంపెనీ మూతపడింది, పనివాళ్లుండే క్యాంపు ఖాళీ చేయమన్నారు. కొత్త పని దొరికేదాకా హాలు వెనక గది, అంటే భీమన్న వదిలిపోతున్న గది, ఇమ్మని అడుగుతోంది. లేదంటే ఈ రాత్రి తలదాచుకోవడానికి చోటే లేదు.

సంఘపెద్ద మార్కు అడ్డుపడ్డాడు. “ఒంటరి ఆడమనిషి. రేపేదైనా జరిగితే సంఘానికే కదండీ చెడ్డపేరు?”

“ఇవ్వాలన్నవాళ్లు చేతులెత్తండి,” అన్నాడు పాస్టరు.

అలవాటు ఎక్కడికి పోతుంది! స్తుతి పాటకు ఎత్తినట్టు రెండేసి చేతులు ఎత్తేశారు. మార్కు లెక్కపెడితే తలలకన్నా చేతులే ఎక్కువ వచ్చాయి. హాలంతా గొల్లున నవ్వింది. జీవమ్మ మాత్రం నవ్వలేదు. పాపం, ఎలా నవ్వుతుంది? ఈసారి ఒక్కో చెయ్యే ఎత్తమన్నారు. అటూ ఇటూ సమానం.

“తేలలేదుగా. వచ్చే వారం చూద్దాం,” అన్నాడు మార్కు.

వచ్చే వారమా! మరి ఈ రాత్రి? భీమన్నకు ఒళ్లు మండింది. చాయ్ పళ్లెం కింద పెట్టి చెయ్యెత్తాడు.

“నువ్వు మా సంఘంవాడివి కాదుగా భీమన్నా!” అన్నాడు మార్కు.

“కాను సార్. గా అర్రల ఇన్నేండ్లు పండుకున్నది నేనే. మంచిగుంటది, ఇయ్యుండ్రి.”

జాన్ పాల్ ఆ చేతిని చూపించాడు. “లెక్కలో వేయండి మార్కు గారూ,” అన్నాడు. మార్కు గొణిగాడు, కానీ వేశాడు.

సాయంత్రం కారు వచ్చింది. “యల్లా,” అని తొందరపెట్టాడు డ్రైవరు. చెప్పి వెళ్దామని చూస్తే జీవమ్మ సామాన్ తేవడానికి పోయి ఇంకా రాలేదు. భీమన్న కారెక్కాడు.

ఆమె వచ్చి గది తలుపు తోసేసరికి, స్టవ్వు మీద మూతపెట్టిన అన్నం గిన్నె ఇంకా వెచ్చగా ఉంది.