తొమ్మిది నిమిషాల మెసేజ్

నా పేరు లక్ష్మీకాంతం. నరసరావుపేటలో బట్టల కొట్టు. ఇలా రాయడం తేలికే. నోటితో చెప్పాలంటే మాత్రం మొదటి అక్షరం దగ్గరే అర నిమిషం ఆగిపోతాను. నాలాంటి నత్తివాళ్ళం ఇరవై ముగ్గురం టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. టైపు చేయకూడదు, గొంతే పంపాలి. ఎంతసేపు పట్టినా చివరిదాకా విని, అవతలివాడి ఆఖరి మాటను మనం తిరిగి పలకాలి. విన్నామనడానికి అదే గుర్తు.

రొంపిచెర్లలో ట్రాక్టర్లు బాగుచేసే బెంజిమిన్ అక్కడే నోరు విప్పాడు. మొదట్లో అతని మెసేజ్‌లో సగం ఊపిరే వినిపించేది. ఏడాది తిరిగేసరికి మమ్మల్ని కడుపుబ్బ నవ్వించేవాడు. పెళ్ళి కుదిరాక రోజూ పెళ్ళి ప్రమాణమే సాధన. చర్చిలో పాస్టరు గారు ఒక్కో ముక్కా చెబుతుంటే పెళ్ళికొడుకు తన నోటితో తిరిగి చెప్పాలి.

"తలూపి చేసుకునే పెళ్ళి నాకొద్దన్నా. మానసకి నా గొంతు ఇనపడాల" అన్నాడొకసారి.

ఈలోగా నా బుద్ధి గడ్డి తింది. గ్రూపు గురించి ఒక రీల్ పెట్టాను. నెల తిరక్కుండా పదకొండు వేల మంది చేరారు. పాపం, నిజంగా మాట తడబడేవాళ్ళూ వచ్చారు. వాళ్ళతోపాటు నత్తికి పసరు అమ్మేవాళ్ళు, గుడ్‌మార్నింగ్ పూలబొమ్మలవాళ్ళు, తొందరగా తెముల్చమని టైపు చేసేవాళ్ళు కూడా దిగారు. పాతవాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడటం మానేశారు. నేను మాత్రం ఆ అంకె చూసుకుని మురిసిపోయాను. రోజుకు ఆరువందల గొంతులు వినడం ఎవరి తరం? మొదట రెట్టింపు వేగంతో విన్నాను. తర్వాత చివరికి జరిపి, ఆఖరి మాట ఒక్కటే విని, దాన్నే పలికి పంపేసేవాణ్ణి.

పెళ్ళికి వారం ముందు బెంజిమిన్ నాకు తొమ్మిది నిమిషాల మెసేజ్ పంపాడు. కొట్లో బేరం మధ్యలో ఉన్నాను. చివరికి జరిపితే "వందనాలు" అని వినిపించింది. నేనూ "వందనాలు" అని పంపాను.

పెళ్ళినాడు కొట్లో రద్దీ. విందుకు వెళ్తే చాల్లే అనుకుని సాయంత్రం బయల్దేరాను. ఒకరినొకరం చూసుకోవడం అదే మొదటిసారి. నేను పేరు చెప్పలేక అవస్థ పడుతుంటే గుర్తుపట్టి లేచాడు. నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. పక్కనున్న మానసే చెప్పింది.

"మాట ఆగితే మీ మొహం జూసి చెప్పుకుంటానని ముందు వరసలో మీకు కుర్చీ ఏపిచ్చాడన్నయ్యా. మెసేజ్‌లో అదే చెప్పాడంట గదా. మీరు ఇన్నారని, మీరు పంపిన 'వందనాలు' మాకందరికీ ఇనిపిచ్చాడు. గుమ్మం వంకే చూస్తా నిలబడ్డాడు. మాట రాలా. ఎనకాల ఎవరో నవ్వారు. పాస్టరు గారే మొత్తం చెప్పేసి తలూపమన్నారు. ఊపాడు."

షామియానా బయటికొచ్చి ఆ మెసేజ్ మొదటినుంచీ విన్నాను. రమ్మని అడగడానికి అతను నాలుగు నిమిషాలు పెనుగులాడాడు. "ఇప్పుడు గ్రూపులో ఎవరూ ఇనట్లేదన్నా. నువ్వు ఇంటావు" అన్నాడు. పదకొండు వేల మంది కోసం ఒక్క మనిషిని పోగొట్టుకున్నాను.

లోపలికి వెళ్ళి క్షమించమని అడగబోయాను. మాట గొంతులోనే ఇరుక్కుంది. ఫొటోల కోసం వెనక జనం తొందరపెడుతున్నారు. బెంజిమిన్ చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. నా మాట పూర్తిగా బయటికొచ్చేదాకా, కళ్ళు తిప్పకుండా నిలబడి విన్నాడు.

అతని గొంతు నేను మళ్ళీ వినలేదు.